తక్కువ ఖర్చులో మనదనిపించే పెళ్లి, మన చేత్తో చేసిన శుభలేఖ: ఎలా చేసుకోవాలి

"శుభలేఖలు ఇంట్లోనే చేసుకోవచ్చా? చేస్తే ఎంత మిగులుతుంది? చూసినవాళ్లకి చీప్‌గా అనిపించదా?" పెళ్లి కుదిరిన ఇళ్ల నుంచి ఈ మూడు ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. అందుకే అన్నీ ఒకేచోట రాసి పెడుతున్నా.

చేసుకోవచ్చు. కాగితం మీద హడావుడి తగ్గిస్తే చీప్‌గానూ కనిపించదు. ఇక మిగులు అంటారా, అసలు మిగిలేది కార్డుల దగ్గర కంటే, ఆ కార్డులు ఎవరెవరికి వెళ్లాలో తేల్చుకునే దగ్గరే. పెళ్లిలో చాలా ఖర్చులు మనుషుల లెక్క మీదే నడుస్తాయి. కాబట్టి డిజైన్ తర్వాత, ముందు జాబితా.

ఏమేం కావాలి

- గూగుల్ షీట్స్ గానీ, ఎక్సెల్ గానీ, లిబ్రే ఆఫీస్ గానీ: ఏదో ఒక స్ప్రెడ్‌షీట్
- డిజైన్‌కి ఒక ఉచిత సాఫ్ట్‌వేర్: క్యాన్వా, ఇంక్‌స్కేప్, స్క్రైబస్‌లో మీకు అలవాటైనది. ఏదీ రాకపోతే లిబ్రే ఆఫీస్ రైటర్ చాలు
- యూనికోడ్ (ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే ప్రామాణిక అక్షర పద్ధతి) తెలుగు ఫాంట్లు రెండు (రెండే)
- స్టీలు స్కేలు, కట్టర్, కింద పెట్టుకోవడానికి మందపాటి అట్ట, ఇంకు అయిపోయిన బాల్ పెన్ను
- వంటింటి డిజిటల్ కాటా
- తప్పులు మొహమాటం లేకుండా చెప్పే మనిషి ఒకరు. డిజైన్ చూసి "బావుంది బావుంది" అనేవాళ్లు ఈ పనికి పనికిరారు.

1. ముందు జాబితా, అదీ ఇళ్లవారీగా

చాలామంది మనుషుల సంఖ్య చూసి కార్డులు ఆర్డర్ ఇస్తారు. 240 మంది అతిథులంటే 240 కార్డులు అక్కర్లేదు, ఇంటికి ఒకటి చాలు. ఇళ్లవారీగా రాస్తే ఆ 240 మంది ఏ 80 ఇళ్లలోనో సర్దుకుంటారు.

షీట్‌లో ఈ నిలువు వరసలు (కాలమ్‌లు) పెట్టుకోండి: ఇంటి పేరు, కార్డు మీద రాయాల్సిన పిలుపు, ఎంతమందిని పిలుస్తున్నాం, ఫోన్, చిరునామా, కాగితం కార్డా ఫోన్ కార్డా, పంపామా, ఎంతమంది వస్తామన్నారు, ఎవరి తరఫు.

వీటిలో "పిలుపు" అనే వరస చిన్నగా కనిపిస్తుంది గానీ, ఈ గైడులో అన్నిటికంటే విలువైనది అదే. 7వ మెట్టు దగ్గర మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

జాబితా రాశాక రెండు గుంపులు చేయండి. వీళ్లు లేకపోతే పెళ్లి పెళ్లిలా అనిపించదు అనుకునేవాళ్లు ఒక గుంపు. "పిలవకపోతే ఏమనుకుంటారో" అని చేర్చినవాళ్లు రెండో గుంపు. రెండో గుంపుని కొట్టేయమని చెప్పడం లేదు. వాళ్లకి ఫోన్ కార్డు పంపొచ్చు, లేదా పెళ్లయ్యాక విడిగా కలవొచ్చు. ఈ గొడవ ఇప్పుడే, ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి. అచ్చు వేశాక తేల్చుకుందామనుకుంటే టెన్షన్ రెట్టింపవుతుంది.

సరిచూసుకోండి: ఒకే ఇల్లు రెండుసార్లు వచ్చిందేమో ఫోన్ నంబర్లను బట్టి చూడండి. రెండువైపులా తెలిసిన కుటుంబాలు కచ్చితంగా రెండుసార్లు ఉంటాయి.

2. ఖర్చుని రెండు ముక్కలు చేయండి

ఎంతమంది వచ్చినా మారనివి ఒకవైపు రాయండి: వేదిక అద్దె, ఫోటోలు, మీ ఇద్దరి బట్టలు, సౌండ్. తలకింత చొప్పున పెరిగేవి రెండోవైపు: భోజనం, కుర్చీలు, కార్డులు, ఇచ్చి పంపే కానుకలు, రవాణా. రెండోవైపు మొత్తాన్ని మనుషుల సంఖ్యతో భాగిస్తే ఒక్క అతిథికి మీకయ్యే ఖర్చు వస్తుంది. ఆ అంకెని షీట్ పైన ఎర్రరంగులో పెట్టుకోండి. "ఇంకో పది మందే కదా" అని ఎవరైనా అన్నప్పుడు వాదించక్కర్లేదు, పదితో గుణించి చూపిస్తే చాలు.

మీ దగ్గరున్న మొత్తాన్ని 100 భాగాలు అనుకుంటే, 10 భాగాలు పక్కన పెట్టి మర్చిపోండి. చివరి వారంలో అవి ఎలాగూ ఖర్చవుతాయి. కార్డులు, కవర్లు, పోస్టేజీ అన్నీ కలిపి 3 నుంచి 5 భాగాలు దాటనివ్వొద్దనేది నా అభిప్రాయం. చేత్తో పట్టుకుని చదివి, తేదీ గుర్తుపెట్టుకుని పక్కన పెట్టే వస్తువు అది.

గిరాకీ ఎక్కువగా ఉండే రోజులు వదిలి వారం మధ్యలోనో, పగటిపూటో పెట్టుకోగలిగితే వేదిక అద్దె తగ్గే అవకాశం ఉంది. కుదరకపోతే ఆ ఆలోచన వదిలేయండి. అద్దె మాట్లాడేటప్పుడు మాత్రం కరెంటు, శుభ్రం చేయించడం, అదనపు గంటలు అందులో కలిసి ఉన్నాయో లేదో రాయించుకోండి. నోటిమాటగా ఒప్పుకున్నవన్నీ బిల్లు రోజుకి మారిపోతాయి.

3. మీదనిపించేవి రెండే ఎంచుకోండి

ప్రతి వస్తువు మీదా మీ పేర్లు అచ్చు వేయించడం మీదైన పెళ్లి అవదు. నీళ్ల సీసా మీద పేర్లు, టిష్యూ మీద పేర్లు, కానుక సంచీ మీద పేర్లు. ఒక్కోటీ చిన్న ఖర్చే, కానీ అన్నీ తలకింత చొప్పున పెరిగే వైపే ఉంటాయి. పైగా పేరు అచ్చయిన వస్తువు మిగిలితే వెనక్కి ఇవ్వలేరు.

అందుకని రెండు చోట్లు ఎంచుకోండి. ఉదాహరణకి ఇవి:

- శుభలేఖలో మాటలు మీవి, పిలుపు ప్రతి ఇంటికీ వేరు
- వేదిక ద్వారం దగ్గర ఇద్దరి చిన్ననాటి ఫోటోలు, కింద ఒక్కో వాక్యం
- పెళ్లి మధ్యలో ఇంటి పెద్దలు ఒకరో ఇద్దరో మీ గురించి మూడు నిమిషాలు మాట్లాడటం
- మీ కథలోంచి ఒక గుర్తు (ఒక చెట్టు, ఒక సైకిల్, ఒక రైలు టికెట్టు) గీయించి కార్డు మీద, బోర్డు మీద అదే వాడటం

ఒక గుర్తు, ఒక రంగు, ఒక ఫాంటు. ఈ మూడూ అన్నిచోట్లా ఒకేలా కనిపిస్తే ఖరీదైన ప్లానింగ్ చేయించినట్టే ఉంటుంది.

జాగ్రత్త: ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మని అలాగే వాడకండి. గీసినవాళ్ల హక్కు సంగతి ఉండనే ఉంది, దానికి తోడు ఆ బొమ్మ రిజల్యూషన్ అచ్చుకి సరిపోదు. ఇంట్లో బొమ్మలు గీసే పిల్లలుంటే తెల్లకాగితం మీద నల్ల పెన్నుతో గీయించి స్కాన్ చేయండి. గీత వంకర పోయినా పర్లేదు, అదే అందం.

4. మేటర్ రాయండి

డిజైన్ తెరవకముందే మాటలన్నీ మామూలు ఫైల్లో రాసుకోండి. కార్డులో తప్పక ఉండాల్సినవి ఆరు: ఇద్దరి పేర్లు, పిలుస్తున్నది ఎవరు, తేదీ, వారం, సమయం, స్థలం. ఏడోది, చాలామంది మర్చిపోయేది: జవాబు ఎవరికి, ఏ తేదీలోపు చెప్పాలి.

తర్వాత మీ సొంత మాటలు. రెండు మూడు వాక్యాలు చాలు. నమూనా కావాలంటే ఇదిగో:

"ఒకే బస్సులో ఐదేళ్లు వెళ్లాం. మాట్లాడుకోవడానికి మాత్రం మూడేళ్లు పట్టింది.
ఇప్పుడు పెళ్లి చేసుకుంటున్నాం.
మీరు వచ్చి ముందు వరసలో కూర్చుంటే మాకు ధైర్యం.
కానుకలు వద్దు. వచ్చే ముందు ఒక్క ఫోన్ చేయండి చాలు."

బస్సు తీసేసి మీ సంగతి పెట్టుకోండి. "రెండు మనసులు ఒక్కటయ్యే శుభవేళ" లాంటివి ఏ కార్డు మీదైనా అతుకుతాయి, అందుకే ఎవరికీ గుర్తుండవు.

ఇంట్లో పెద్దవాళ్లకి ఈ తరహా నచ్చకపోవచ్చు. అలాంటప్పుడు పోట్లాడక్కర్లేదు. ఒకవైపు పెద్దల పేరుతో సంప్రదాయమైన మేటర్, రెండోవైపు మీ ఇద్దరి మాటలు. కాగితం ఒకటే, ఖర్చూ ఒకటే.

సాధారణంగా దొర్లే తప్పులు:

- 03/04 అని రాయడం. మూడో నెలా, నాలుగో నెలా? నెల పేరు అక్షరాల్లో రాయండి.
- సమయం పక్కన ఉదయమో సాయంత్రమో రాయకపోవడం.
- అర్ధరాత్రి దాటాక ఉన్న కార్యక్రమం. శనివారం రాత్రి 12:40 అంటే తేదీ ప్రకారం ఆదివారం. "శనివారం తెల్లవారితే ఆదివారం" అని రాసి, రెండు తేదీలూ వేయండి. లేకపోతే కొందరు మర్నాటి రాత్రి వస్తారు.
- "సకుటుంబ సపరివార సమేతంగా" అని అచ్చు వేసి, తర్వాత ఎంతమంది వస్తారో తెలియట్లేదని బాధపడటం. లెక్క కావాలంటే "మీ నలుగురూ రావాలి" అని పిలుపులోనే చెప్పండి. మొరటుగా ఏమీ ఉండదు, ఇంకా ఆప్యాయంగా ఉంటుంది.

5. ముందు కవరు కొనండి, తర్వాత కార్డు గీయండి

ఇది తిరగేసి చేసేవాళ్లే ఎక్కువ. ముచ్చటపడి చతురస్రం కార్డు చేయించాక సరిపోయే కవరు దొరకదు, ప్రత్యేకంగా చేయించాల్సి వస్తుంది. మామూలు సైజుల్లోనే ఉండండి:

- ఏ6 కార్డు (105 × 148 మి.మీ.): సి6 కవరు (114 × 162 మి.మీ.)
- ఏ5 కార్డు (148 × 210 మి.మీ.): సి5 కవరు (162 × 229 మి.మీ.), లేదా మధ్యకి మడిచి సి6
- ఏ4 కాగితం మూడు మడతలు: డీఎల్ కవరు (110 × 220 మి.మీ.)

ఒక ఏ4 షీటులో నాలుగు ఏ6 కార్డులు సరిగ్గా పడతాయి, ముక్క కూడా వృథా పోదు. 80 కార్డులకి 20 షీట్లు. పాడయ్యేవాటికి ఇంకో ఐదు కలుపుకోండి.

కాగితం మందాన్ని జీఎస్ఎమ్‌లో చెప్తారు, అంటే ఒక చదరపు మీటరుకి ఎన్ని గ్రాములని. జిరాక్స్ కాగితం సాధారణంగా 70 నుంచి 80. ఒంటి కార్డుకి 250 నుంచి 300 బావుంటుంది, మడిచే కార్డుకి 200 నుంచి 250. ఇంట్లో ప్రింటర్ అయితే అది ఎంత మందం దాకా లాగుతుందో మాన్యువల్లో చూశాకే కాగితం కొనండి.

బరువు ముందే లెక్కేసుకోవచ్చు. ఏ6 కార్డు 300 జీఎస్ఎమ్‌లో దాదాపు 4.7 గ్రాములు, ఏ5 అయితే 9.3 గ్రాములు. దీనికి కవరు బరువు కలపండి. పోస్టేజీ శ్లాబు దాటితే ప్రతి కవరుకీ అదనంగా పడుతుంది కాబట్టి, ఒక నమూనా పూర్తిగా తయారుచేసి, కవర్లో పెట్టి, అంటించి కాటా మీద చూడండి. అంటించిన రాళ్లు, రిబ్బన్లు, మైనపు ముద్రలు బరువే కాదు, మందం కూడా పెంచుతాయి. దారిలో కవరు చిరగడానికి అవీ ఒక కారణం.

6. డిజైన్, ముఖ్యంగా తెలుగు అక్షరాలు

ఫైలు అసలు సైజులో, 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) మొదలుపెట్టండి. ఏ6కి 1240 × 1748 పిక్సెళ్లు, ఏ5కి 1748 × 2480. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా వచ్చిన బొమ్మ అచ్చుకి పనికిరాదు, అది కుదించి వస్తుంది. తీసినవాళ్ల ఫోన్లోంచి డాక్యుమెంట్‌గా పంపమనండి.

తెలుగు దగ్గరే అసలు కష్టం. కొన్ని సాఫ్ట్‌వేర్లలో వత్తులు విడిపోతాయి, "లక్ష్మి" కాస్తా పొల్లులు, ముక్కలు అయి కూర్చుంటుంది. ఫోటోషాప్ అయితే ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో దక్షిణాసియా లిపులకి సంబంధించిన ఆప్షన్ ఎంచుకోవాలి, దాని పేరు వెర్షన్‌ని బట్టి కొంచెం మారుతుంది. ఇల్లస్ట్రేటర్‌లో అదే చోట ఇండిక్ ఆప్షన్లు చూపించమని టిక్ పెట్టాలి. ఇంక్‌స్కేప్‌లో, లిబ్రే ఆఫీస్‌లో సాధారణంగా ఈ ఇబ్బంది రాదు.

ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి: మండలి, సురన్న, రామభద్ర, నోటో సెరిఫ్ తెలుగు లాంటివి. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి అచ్చుకి నిశ్చింతగా వాడుకోవచ్చు. పేర్లకి రామభద్ర లాంటి లావు ఫాంటు, మిగతా మేటర్‌కి నోటో సెరిఫ్. అక్కడితో ఆగండి. మూడో ఫాంటు చేరిందంటే కార్డు కరపత్రంలా తయారవుతుంది.

సైజు 11 పాయింట్లకి తగ్గనివ్వకండి, కార్డు చదివేవాళ్లలో పెద్దవాళ్లు చాలామంది ఉంటారు. గుడులు, వత్తులు ఒకదానికొకటి తగలకుండా వరసల మధ్య ఖాళీ 1.5 రెట్లు ఇవ్వండి. లేత బంగారు రంగు అక్షరాలు స్క్రీన్ మీద మెరుస్తాయి గానీ, తెల్లకాగితం మీద మామూలు ఇంకుతో ఆవపిండి రంగులోకి తిరిగి చదవడానికి కూడా రావు. ముదురు రంగు అక్షరాలు, లేత కాగితం: దీనికి తిరుగులేదు.

అంచుల సంగతి. ఇంటి ప్రింటర్లు చాలావరకు కాగితం చివరిదాకా అచ్చు వేయలేవు. అందుకని నాలుగువైపులా తెల్లగా వదిలే డిజైనే మంచిది. రంగు చివరిదాకా ఉండాలంటే కార్డు సైజు దాటి ప్రతివైపూ 3 మి.మీ. అదనంగా రంగు పోయించి ప్రెస్సులో కట్ చేయించాలి. దానినే బ్లీడ్ అంటారు. అంచుకి దగ్గరగా సన్నటి బోర్డర్ గీత మాత్రం పెట్టకండి. కటింగులో ఒక్క మి.మీ. తేడా వచ్చినా ఒకవైపు లావుగా, ఒకవైపు సన్నగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

క్యూఆర్ కోడ్ పెట్టేవాళ్లకి: కనీసం 2 సెం.మీ. ఉండాలి. తెల్లటి నేపథ్యం మీద నల్లగా, చుట్టూ కోడ్‌లోని నాలుగు గళ్లంత ఖాళీ వదలాలి. లింకు పొట్టిగా ఉంటే కోడ్ గళ్లు పెద్దగా వచ్చి సులువుగా స్కాన్ అవుతుంది. ఉచితంగా కోడ్ ఇస్తామనే వెబ్‌సైట్లలో "డైనమిక్" రకం తీసుకోకండి. అది వాళ్ల సైట్ మీదుగా తిరిగి వెళ్తుంది, ట్రయల్ గడువు అయిపోతే కార్డు మీద కోడ్ చచ్చుబడిపోవచ్చు. "స్టాటిక్" రకంలో మీ లింకు కోడ్‌లోనే ఉంటుంది. కోడ్ పక్కన ఫోన్ నంబరు కూడా వేయండి, అందరూ స్కాన్ చేయరు.

7. పిలుపు వరసని కార్డులోకి ఎక్కించండి

మొదటి మెట్టులో రాసిన "పిలుపు" ఇప్పుడు పనికొస్తుంది. అందులో పేర్లు కాదు, మీరు వాళ్లని నోరారా ఎలా పిలుస్తారో అది ఉండాలి:

"పెదనాన్నకి, పెద్దమ్మకి"
"సుజాత టీచర్ గారికి, కుటుంబానికి"
"ఒరేయ్ కిరణ్, నువ్వూ స్వాతీ"

మెయిల్ మెర్జ్ అనే సదుపాయం వర్డ్‌లోనూ లిబ్రే ఆఫీస్‌లోనూ ఉంది. షీట్‌లో ఒక్కో ఇంటికి ఒక్కో కార్డు అదే తయారుచేస్తుంది. కార్డు మీద పిలుపు స్థలం ఖాళీగా వదిలి చేత్తో రాయడం ఇంకా మంచిది, చేతిరాత బావుంటే. 80 కార్డులంటే రెండు సాయంత్రాల పని. జెల్ పెన్ను నున్నటి కాగితం మీద అలుక్కుంటుంది కాబట్టి ముందు ముక్క మీద రాసి, ఐదు నిమిషాలాగి వేలితో రుద్ది చూడండి.

జాగ్రత్త: షీట్‌ని అక్షరక్రమంలో పెట్టేటప్పుడు ఒక్క నిలువు వరసనే ఎంచుకుంటే పేర్లు ఒకచోటికి, చిరునామాలు ఇంకోచోటికి పోతాయి. పట్టిక మొత్తం ఎంచుకునే సార్ట్ చేయండి. మెర్జ్ అయ్యాక ఏవో ఐదు కార్డులు తీసి, పిలుపూ చిరునామా ఒకే ఇంటివేనా అని చూడండి. పెదనాన్నకి వెళ్లాల్సిన కవర్లో "ఒరేయ్ కిరణ్" ఉంటే తర్వాత సర్ది చెప్పుకోవడం మీ వల్ల కాదు.

8. ప్రూఫ్: ఇక్కడ తొందర పడొద్దు

స్క్రీన్ మీద చూసిన ప్రూఫ్ లెక్కలోకి రాదు. కాగితం మీద తీసి, ఈ వరసలో చూడండి:

1. తేదీకి ఆ వారమే వస్తుందా, క్యాలెండర్ తీసి చూడండి. గుర్తున్నదాన్ని నమ్మొద్దు.
2. కార్డు మీది ఫోన్ నంబరు చూసి అదే నంబరుకి డయల్ చేయండి. కాంటాక్టుల్లోంచి కాదు.
3. మ్యాప్ లింకు వేరేవాళ్ల ఫోన్లో తెరవండి. ఒకే పేరుతో రెండు వేదికలు ఉండొచ్చు.
4. క్యూఆర్ కోడ్‌ని పాత ఫోన్‌తో, తక్కువ వెలుతురులో స్కాన్ చేయండి.
5. పేర్లని ఆ పేర్లు గలవాళ్లే చదివి ఒప్పుకోవాలి. శ/స, ళ/ల, దీర్ఘాలు. తల్లిదండ్రుల పేర్లలోనే ఎక్కువ తప్పులు వస్తాయి, ఎందుకంటే అవి అందరికీ తెలుసనుకుని ఎవరూ చదవరు.
6. చివరగా, మొహమాటం లేని ఆ మనిషిని పైకి చదవమనండి. మీరు మేటర్ చూడకుండా వినండి.

ప్రెస్సుకి ఇస్తుంటే ఇంకో సంగతి. తెలుగు డీటీపీలో (ప్రెస్సుల కోసం కంప్యూటర్లో టైప్ చేసి పేజీ కూర్చే పని) అను లాంటి పాత ఫాంట్లు ఇంకా వాడుకలో ఉన్నాయి, అవి యూనికోడ్ కాదు. మీరు ఫోన్లో టైప్ చేసి పంపిన మేటర్‌ని వాళ్లు కన్వర్టర్‌లో వేయడమో, మళ్లీ టైప్ చేయడమో జరుగుతుంది. మీరు పది సార్లు దిద్దిన మేటర్‌లోకి కొత్త తప్పులు దూరేది అప్పుడే. కాబట్టి డిజైన్ మీరే పూర్తిచేసి, ఫాంట్లు ఎంబెడ్ అయిన (ఫైల్లోనే కలిసి ఉన్న) పీడీఎఫ్ ఇవ్వండి. వాళ్లే టైప్ చేస్తే మాత్రం మొదటి నుంచి మళ్లీ చదవాల్సిందే.

9. ప్రింటు

ఎక్కడ వేయించాలనేది సంఖ్యని బట్టి. వందలోపు అయితే ఇంట్లోనో, డిజిటల్ ప్రింట్ షాపులోనో. ఆఫ్‌సెట్‌కి (పెద్ద సంఖ్యలో అచ్చు వేసే పద్ధతి) ప్లేట్లు తయారు చేయాలి, ఆ ఖర్చు పదికైనా వెయ్యికైనా ఒకటే. అందుకే ఎక్కువ కాపీలుంటేనే గిట్టుబాటు. ఎన్ని వేయించినా అవసరమైనవాటి మీద పదో వంతు అదనంగా వేయించండి. తర్వాత మరో పది కావాలని వెళ్తే ఒక్కోటి చాలా ఎక్కువ పడుతుంది.

ఇంట్లో వేస్తుంటే మొదటి షీటులో 100 మి.మీ. పొడవు గీత ఒకటి గీసి ప్రింటు తీయండి. స్కేలుతో కొలిస్తే సరిగ్గా 100 రావాలి. 96, 97 వస్తే ప్రింటర్ "ఫిట్ టు పేజ్"లో ఉందన్నమాట. "యాక్చువల్ సైజ్" గానీ 100 శాతం గానీ పెట్టండి. రెండువైపులా వేసేటప్పుడు ముందు మామూలు కాగితం మీద తీసి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి, వెనకవైపు తలకిందులుగా పడితే పొడవు అంచుకి బదులు పొట్టి అంచు మీద తిప్పే ఆప్షన్‌కి మార్చాలి.

ఇంక్‌జెట్ అయితే షీట్లు ఒకదాని మీద ఒకటి పేర్చకుండా ఆరనివ్వండి. తడి వేలితో మెల్లగా రుద్ది చూసి అలుక్కుంటే, చిరునామా కవరు మీద బాల్ పెన్నుతోనే రాయండి.

ప్రెస్సులో అడగాల్సినవి రెండే. సన్నటి నల్ల అక్షరాలు ఒక్క నలుపు ఇంకులోనే రావాలి. నాలుగు రంగులు కలిపి నలుపు చేస్తే రిజిస్ట్రేషన్ (రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడటం) కాస్త జరిగినా అక్షరాల అంచులు మసకబారతాయి. రెండోది, మీరు ఎంచుకున్న అసలు కాగితం మీదే ఒక శాంపిల్ తీయించి, పగటి వెలుతుర్లో చూసి సంతకం పెట్టండి. స్క్రీన్ మీద మెరిసే నీలాలు, చిలకాకుపచ్చలు ఇంకులో కొంచెం డల్‌గానే వస్తాయి.

మడత కార్డుకి: కాగితాన్ని రెండువైపులా మెల్లగా వంచి చూడండి. ఏ దిక్కున సులువుగా వంగుతుందో ఆ దిక్కున మడిస్తే పగలదు. మడత గీత మీద స్కేలు పెట్టి ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో గట్టిగా ఒక గాడి గీసి, అప్పుడు మడవండి. ముదురు రంగు నిండిన చోట మడత రాకుండా డిజైన్‌లోనే చూసుకోవాలి, లేకపోతే రంగు పగిలి తెల్లగీత తేలుతుంది. కటింగ్ ఒకేసారి ఒక్క షీటే, కట్టర్‌ని రెండు మూడు సార్లు తేలిగ్గా లాగండి. ఒకే దెబ్బకి కోద్దామనుకుంటే స్కేలు జారుతుంది, వేలు తెగుతుంది.

10. ఫోన్ కార్డు

కాగితం కార్డునే ఫోటో తీసి పంపకండి. అదే మేటర్‌తో నిలువుగా, 1080 × 1920 పిక్సెళ్లలో వేరే ఫైలు చేయండి. జూమ్ చేయకుండా చదవగలిగేలా ఉండాలి, అంటే మాటలు సగానికి తగ్గించాలి. లింకులు నొక్కడానికి వీలుగా మెసేజ్‌లో టైప్ చేసి పంపండి, బొమ్మలో ఉన్న లింకు ఎవరికీ ఉపయోగపడదు.

పంపేది బొమ్మో పీడీఎఫో అయి ఉండాలి. పెళ్లి పిలుపు పేరుతో ఏపీకే ఫైళ్లు (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైళ్లు) పంపి ఫోన్లలో దూరే మోసాలు జరుగుతున్నాయి, కాబట్టి యాప్ దింపుకోమనే ఇన్విటేషన్ సర్వీసుల జోలికి వెళ్లకండి. ఇంటి చిరునామా, ఫోన్ నంబర్లు ఉన్న కార్డుని సోషల్ మీడియాలో అందరికీ కనిపించేలా పెట్టడం కూడా మంచిది కాదు. గ్రూపులో పడేస్తే పిలిచినట్టు కాదనేది మీకూ తెలుసు. ఒక్కొక్కరికీ విడిగా, పైన పిలుపుతో పంపండి.

11. పంపడం, జవాబులు రాబట్టడం

పెళ్లికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు కార్డులు వెళ్లాలి. దూరం నుంచి ప్రయాణం చేసేవాళ్లకి తేదీ మాత్రం ఇంకా ముందే ఫోన్లో చెప్పండి. జవాబు గడువు పెళ్లికి మూడు వారాల ముందు పెట్టుకోండి, భోజనాల లెక్క చెప్పాల్సిన రోజుకి కనీసం వారం ముందు.

గడువు దాటినా సగం మంది చెప్పరు. అలిగి ఊరుకోవద్దు. "వస్తున్నారా?" అని అడిగితే మొహమాటానికి అందరూ వస్తామంటారు, ఆ జవాబు లెక్కకి పనికిరాదు. ఇలా అడగండి: "అత్తయ్యా, మీ ఇంటి నుంచి ఎంతమంది అని రాసుకోమంటారు? భోజనాల లెక్క రేపు చెప్పేయాలి." సంఖ్య అడిగితే సంఖ్యే చెప్తారు. విన్న వెంటనే షీట్‌లో ఎక్కించండి, రెండు కుటుంబాలూ ఒకే షీట్ వాడాలి. ఎడిట్ చేసే వీలు మాత్రం ఇద్దరికో ముగ్గురికో ఉంటే చాలు.

అచ్చయ్యాక తప్పు దొరికితే

అన్నీ చూసినా ఒకటి మిగిలిపోవచ్చు. దీర్ఘమో వత్తో పోతే, అది మనిషి పేరు కానంతవరకు వదిలేయండి. పేరు తప్పయితే ఆ ఇంటికీ వాళ్ల దగ్గరివాళ్లకీ వెళ్లే కార్డులు మాత్రం మళ్లీ తీయండి, అదనంగా కొన్న కాగితం అందుకే. తేదీ, సమయం, స్థలం తప్పయితే మొత్తం మళ్లీ వేయాల్సిందే. కొట్టేసి పైన రాస్తే పాత అంకె చదివేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు.

కార్డులు వెళ్లిపోయాక స్థలం మారితే సవరించిన బొమ్మని ఊరికే ఫార్వర్డ్ చేయకండి. రెండు బొమ్మలూ ఫోన్లో ఉండి ఏది కొత్తదో తెలియదు. బొమ్మ పైనే పెద్ద అక్షరాల్లో "స్థలం మారింది" అని వేసి, ఏ తేదీన సవరించారో కింద రాసి పంపండి. కాగితం కార్డు అందుకున్న ఇళ్లన్నిటికీ షీట్ చూసి ఫోన్ చేయండి. ఆ రోజు పాత వేదిక దగ్గర కూడా ఒక మనిషిని నిలబెట్టండి.